ముందు వరుసలోని మనిషి

మన కళాశాలలో చేరవచ్చే ప్రతి విద్యార్థీ ప్రవేశ పత్రంలో తండ్రి వృత్తి అనే గడిని నింపవలసి ఉంటుంది. వ్యవసాయం, చేపల వేట, దర్జీ పని, చిల్లర దుకాణం, లారీ డ్రైవరు, ప్రభుత్వోద్యోగం, ఇవన్నీ మాకు అలవాటైన సమాధానాలు. ఒక విద్యార్థి ఆ గడిలో "కూలి" అని వ్రాసినాడు. అందులో వింత ఏమీ లేదు కనుక మేము దానిని ప్రత్యేకంగా గమనించనూ లేదు. కొన్ని నెలల తరువాత ఒక సాయంకాలం, భోగాపురంలో జాతీయ రహదారి ప్రక్కన, ఒక పెండ్లి ఊరేగింపు మమ్మల్ని దారిలో నిలిపివేసినది. జరీ అంచుల ఎర్ర కోట్లు తొడుక్కొని బ్యాండు మేళంవారు వరుసలు కట్టి నడుస్తున్నారు. ముందు వరుసలో నడివయస్సు మనిషి ఒకడు పొడవైన ఇత్తడి వాద్యాన్ని పెదవులకు ఆనించి, దాని గొట్టాన్ని చేయి చాచి ముందుకు త్రోస్తూ, వెనుకకు లాగుతూ, సినిమా పాట ఒకదానిని ఏడ్చే మనిషి గొంతులా పలికిస్తున్నాడు. అది ట్రాంబోను. పాట ముగిసిన తరువాత ఆయనే మా వద్దకు వచ్చి నమస్కరించినాడు.

"మావోడు మీ కాలేజీలోనే సదువుతున్నాడు మేష్టారూ. నాను బేండు వాయిస్తానని ఎవులికీ సెప్పకని ఒట్టేయించుకున్నాడు. మీరూ సెప్పకండి బాబూ."

ఆ తండ్రి ఇచ్చిన చనువుతోను, ఆ విద్యార్థిని అడిగి అతని సమ్మతి పొందిన మీదటను ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. పేర్లు మాత్రం చెప్పము.

పందొమ్మిదేళ్ల యువకుడు తన తండ్రిని కూలివానిగా చెప్పుకోవడానికి సిద్ధపడి, వాద్యకారుడుగా చెప్పుకోవడానికి ఎందుకు సిగ్గుపడినాడు? ఇది ఆ కుఱ్ఱవాని తప్పని మేము అనుకోము. ఆ సిగ్గును అతనికి నేర్పినవారము మనమే. మేళం లేనిదే మన ఇండ్లలో పెండ్లి కదలదు, అమ్మవారి జాతర కదలదు, ఉరుసులో గంధం ఊరేగింపు కదలదు. అయినను మేళంవారికి భోజనం కడపటి పంక్తిలో, అదీ పందిరి వెలుపల. ఈ మాటను సాక్ష్యాధారాలతో నిరూపించవలసిన పని లేదు. ఏ పెండ్లికి వెళ్లినా కనబడుతుంది.

ఆ ట్రాంబోనును చూచినప్పటి నుండి మాకు ఒక మనిషి జీవితం మాటిమాటికీ జ్ఞప్తికి వస్తున్నది. ఆయన మన దేశంవాడు కాడు. పేరు ఇమాన్యుయేల్ రోడ్రిగెజ్. లోకం ఆయనను రికో అని పిలిచినది. 1934లో క్యూబా రాజధాని హవానాలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో జమైకా ద్వీపానికి చేరినాడు. అక్కడ కింగ్‌స్టన్ నగరంలో ఆల్ఫా బాలుర పాఠశాల అని ఒకటి ఉండేది. కేథలిక్ సన్యాసినులు నడిపిన ఆ పాఠశాలలో అనాథలు, అతి బీదవారి బిడ్డలు, ఇంట్లో అదుపు తప్పినారని పంపబడినవారు ఉండేవారు. వారికి అక్షరాలతో పాటు ఏదో ఒక చేతిపని నేర్పేవారు. అచ్చు పని, కుట్టు పని, చెప్పుల పని, తోట పని. వాటితో పాటు బ్యాండు. మిగిలిన పనులు అబ్బనివానికి బ్యాండు అబ్బవచ్చునని ఆ సన్యాసినుల లెక్క కాబోలు. వారిలో సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అనే ఆమె ఆరు దశాబ్దాలకు పైగా ఆ ఆవరణలోనే గడిపి, 2003లో అక్కడే సేవలో ఉండగా మరణించినది. ఆమె వద్ద గ్రామఫోను రికార్డుల పెద్ద నిధి ఉండేది. వాటిని పిల్లలకు వినిపించి, ఇదుగో, ఈ మనిషి ఎలా ఊదినాడో విను, అని చెవిని తయారు చేసేది. సన్యాసిని జాజ్ సంగీతం వినిపించడమేమిటని అనుకొన్నవారు అక్కడా ఉండే ఉంటారు.

రికోకు ఆ పాఠశాలలో ట్రాంబోను చేతికి వచ్చినది. నేర్పినవారిలో ముఖ్యుడు తనకంటె కొద్ది సంవత్సరాలు పెద్దవాడైన డాన్ డ్రమండ్, అదే పాఠశాల బిడ్డ. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం ఆల్ఫాలో రివాజు. మన మదరసాలలోను, వీధి బడులలోను ఒకప్పుడు ఉన్న పద్ధతియే ఇది.

ఇక్కడ ఆ వాద్యాన్ని గురించి కొంచెం చెప్పవలెను. ట్రాంబోను గొట్టాన్ని సాగదీసి కొలిస్తే సుమారు తొమ్మిది అడుగులు ఉంటుంది. హార్మోనియంకు ఉన్నట్లు దానికి మెట్లు లేవు, క్లారినెట్టుకు ఉన్నట్లు మీటలు లేవు. వాయించేవాడు పెదవులను కంపింపజేసి ఊదుతాడు, జారే గొట్టాన్ని చేతితో జరిపి స్వరాన్ని వెదకుకొంటాడు. ఆ గొట్టానికి ఏడు స్థానాలు ఉన్నాయని పుస్తకాలు చెబుతాయి కాని, ఆ స్థానాలు ఎక్కడో గొట్టంపై గీతలు గీచి ఉండవు. అంగుళంలో నాలుగవ వంతు తప్పితే అపశ్రుతి. చెవి సరిగా ఉంటేనే చేయి సరియైన చోట నిలుస్తుంది. అందువలననే ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడంలో దానికి గల సొగసు పియానోకు లేదు. మన గమకం తెలిసిన చెవికి ట్రాంబోను చుట్టం వలె తోచడంలో ఆశ్చర్యం లేదు.

1950ల దశాబ్దంలో రికో రాస్తాఫారీ మతస్థులతో కలిసినాడు. ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీని దైవంగా భావించి, జుట్టు కత్తిరించకుండా, నగరం అంచులలోని గుట్టల మీద బ్రతికే ఆ బీద నల్లవారిని అప్పటి జమైకా మర్యాదస్థులు అసహ్యించుకొనేవారు, పోలీసులు వెంటాడేవారు. వారెయికా గుట్టల వద్ద కౌంట్ ఒస్సీ అనే డోలు విద్వాంసుని చుట్టూ చేరిన మేళంలో రాత్రులు రాత్రులు వాయించడమే తన అసలు చదువు అయినదని రికో తలచేవాడు. తరువాతి కాలంలో తన అత్యుత్తమ ఆల్బముకు ఆ గుట్టల పేరే పెట్టుకొన్నాడు. కేథలిక్ సన్యాసినుల వద్ద స్వరం నేర్చి, రాస్తాఫారీల వద్ద దానికి ప్రాణం పోసుకొన్న మనిషి ఆయన. మతం గోడలు ఊపిరికి అడ్డం రాలేదు.

1961లో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరినాడు. జమైకాకు స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఏడాది ఉన్నది. ఆ వెళ్లిన తరువాతి సంవత్సరాలలో స్వదేశంలో స్కా అనే క్రొత్త బాణీ ఊపందుకొన్నది. అది 1960ల దశాబ్దం చివరకు రెగే అయినది. బాబ్ మార్లే పేరు విన్నవారందరికీ ఈ మాట తెలుసు. తాళం వేసే మనిషి చేయి క్రిందికి పడినప్పుడు కాక, పైకి లేచినప్పుడు గిటారు మీటు పడడం ఆ బాణీ లక్షణం. వినేవాని కాలు తనంత తానే కదలుతుంది. ఆ క్రొత్త సంగీతానికి పునాది వేసిన స్కటలైట్స్ అనే మేళం 1964లో ఏర్పడినది. దానిని స్థాపించినవారిలో నలుగురు ఆల్ఫా పాఠశాల పిల్లలే. అనాథ శరణాలయం వంటి ఒక చిన్న బడి ఒక దేశపు సంగీతాన్నే సృష్టించినదని చెప్పినా అది పెద్ద అతిశయోక్తి కాదు.

కాని రికో జీవితం ఆ కాలంలో పూలబాట కాదు. లండనులో ఫ్యాక్టరీ పనులు చేసి పొట్ట పోషించుకొన్నాడు. పగలు పని, రాత్రి వాయిద్యం. రికార్డింగు స్టూడియోలలో ఇతరుల పాటలకు ఊదేవాడు, పాటకు ఇంతని కూలి పుచ్చుకొనేవాడు. 1967లో డాండీ లివింగ్‌స్టన్ అనే గాయకుడు రూడీ అనే అల్లరి యువకునికి బుద్ధి చెప్పే పాట ఒకటి పాడినప్పుడు దానిలో ట్రాంబోను రికోదే. ఆ పాట ఎందరో విన్నారు, ఊదిన మనిషి పేరు కొందరికే తెలుసు. పన్నెండు సంవత్సరాలు గడచిన తరువాత, 1979లో, కావెంట్రీ నగరానికి చెందిన ది స్పెషల్స్ అనే యువకుల మేళం అదే పాటను తిరిగి పాడదలచి, మొదట ఊదిన మనిషి ఎక్కడ ఉన్నాడని వెదకి ఆయననే పిలిపించినది. అప్పటికి రికోకు నలుబది అయిదు ఏండ్లు. ఆ కుఱ్ఱవాండ్లకు ఇరువది పైచిలుకు. తెల్లవారు, నల్లవారు కలిసి ఒకే వేదికపై వాయించిన ఆ మేళం, జాతి ద్వేషంతో వీధులు రగులుతున్న ఆనాటి ఇంగ్లండులో ఒక సాహసమే. 1981లో వారి "ఘోస్ట్ టౌన్" పాట అక్కడి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరినప్పుడు అందులోను వినబడేది రికో ట్రాంబోనే.

ఆయన సొంత పేరుతో ఆయన సామర్థ్యం లోకానికి తెలిసినది 1976 నాటి "మ్యాన్ ఫ్రమ్ వారెయికా" తోనే. అప్పటికి నలుబది రెండేండ్లు. 1996 నుండి 2012 వరకు జూల్స్ హాలండ్ వాద్యబృందంలో వాయించినాడు. 2007లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదు ఇచ్చినది. 2012లో జమైకా ప్రభుత్వ సంస్థ మస్‌గ్రేవ్ వెండి పతకం ఇచ్చినది. 2015 సెప్టెంబరు 4న లండనులో, ఎనుబదియవ ఏట కన్నుమూసినాడు. బిరుదులన్నీ డెబ్బది దాటిన తరువాతనే.

గురువైన డ్రమండ్ కథ ఇంత సుఖాంతం కాదు. దానిని దాచడం నిజాయితీ కాదు. అపురూప ప్రతిభావంతుడైన ఆ మనిషి మానసిక రోగంతో బాధపడుతూ, 1965 జనవరి మొదటి దినాలలో మార్గరీటా అని పేరొందిన నర్తకిని, తన సహచరిని, హత్య చేసినాడు. న్యాయస్థానం ఆయనను మానసిక చికిత్సాలయానికి పంపినది. 1969లో అక్కడే మరణించినాడు. ఆయన సంగీతాన్ని మెచ్చుకొనేవారు ఆ స్త్రీ పేరును మరచిపోవడం మాకు నచ్చదు. బడి వాద్యం చేతికి ఇవ్వగలిగినది కాని, రోగం ముదిరిన వేళ పట్టుకొనే చేయి ఏదీ లేకపోయినది. కళ నేర్పితే మనిషి దానంతట బాగుపడతాడని నమ్మేవారు ఈ సంగతిని కూడా గుర్తుంచుకొనవలెను.

ఎక్కడి కింగ్‌స్టన్, ఎక్కడి భోగాపురం అని పాఠకులు అనవచ్చు. కావున మన దగ్గరికే వద్దాము.

ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు చేరువన, కరవది అనే గ్రామం ఉన్నది. 1924లో అక్కడ నాగస్వర విద్వాంసుల ముస్లిం కుటుంబంలో షేక్ చినమౌలానా జన్మించినారు. తండ్రి కాసిం సాహెబు వద్ద మొదటి పాఠం. తరువాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు వద్ద శిష్యరికం. అంతటితో తృప్తి చెందక తంజావూరు బాణీని ఆశించి తమిళ దేశానికి వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదర విద్వాంసులు రాజం, దొరైకన్నులను ఆశ్రయించినారు. తెలుగు ముస్లిం యువకుడు తమిళ హిందూ గురువుల గుమ్మంలో కూర్చొని నేర్చుకొన్న విద్య అది. పిమ్మట శ్రీరంగంలో స్థిరపడి, ఆ రంగనాథుని సన్నిధిలో వాయించి, 1982లో అక్కడే శారదా నాగస్వర సంగీతాశ్రమాన్ని స్థాపించి శిష్యులను తయారు చేసినారు. 1977లో పద్మశ్రీ. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి. మరుసటి సంవత్సరమే, 1999లో, కాలధర్మం చెందినారు. ఆయన మార్గంలో నడిచిన ప్రకాశం జిల్లా విద్వాంసుడు షేక్ మహబూబ్ సుభానీకి, ఆయన భార్య కలీషాబీకి కలిపి 2020లో పద్మశ్రీ లభించినది. ముస్లిం కుటుంబపు స్త్రీ సభలో కూర్చొని నాగస్వరం ఊదడాన్ని మనలో ఎందరు ఊహించగలరు?

నాగస్వరానికీ మీటలు లేవు. ఏడు రంధ్రాలు, ఒక పీక, ఒక ఊపిరి. రంధ్రాన్ని సగం మూసి, ఊపిరి ఒత్తిడిని పెంచి తగ్గించి, స్వరాన్ని గొంతు వలె వంచవలెను. రికో చేతితో జరిపి వెదకిన స్వరాన్ని మౌలానా వ్రేలి కొసతో వెదకినారు. ఇద్దరి సంగీతాలు వేరు, సంప్రదాయాలు వేరు. ఇద్దరూ పుట్టుకతో వచ్చిన గౌరవం లేనివారు, ఒకరి చేయి మరొకరు పట్టుకొని నేర్పినందువలన పైకి వచ్చినవారు. ఉత్తరాన ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ షెహనాయిని కాశీ గంగ ఒడ్డు నుండి ఎర్రకోట వరకు తెచ్చి, 2001లో భారతరత్న పొందినారు. మన తెలుగువారు సన్నాయి అనే మాట ఆ షెహనాయికి దగ్గరి బంధువే.

ఇక మన జిల్లా సంగతి. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల 1919లో వెలసినది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ఫిడేలు నాయుడుగారని లోకం పిలుచుకొన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆచార్యులు. ఘంటసాల అక్కడి విద్యార్థి, సుశీల అక్కడి విద్యార్థిని. ఆ కళాశాల పుట్టుకను గురించి పెద్దలు ఒక మాట చెప్పుకొంటారు. మహారాజు వారి ఆప్తులలో ఒకరి కుమారునికి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ బాలుడు ఎక్కడ నేర్చుకొనగలడన్న ఆలోచన నుండి ఆ కళాశాల మొలకెత్తినదట. ఒక్క పిల్లవాని కోసం ఒక విద్యాలయం! మనకు ఇరువది మంది పిల్లలు దొరకరా?

మేము కోరుతున్నది అంత పెద్దది కాదు. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథిని బ్యాండుతో ఎదుర్కొని తెచ్చే ఆనవాయితీ మనకు ఉన్నది. ఆ మేళంవారు గేటు నుండి వేదిక వరకు వాయించి, అక్కడి నుండి వెనుదిరిగి వెళ్లిపోతారు. వారి పేర్లు ఆహ్వాన పత్రంలో ఉండవు. ఈసారి వారిని వేదికపైకి పిలిచి, అరగంట కూర్చోబెట్టి, వారికి నచ్చినది వాయించమని అడగవలెను. ఊరేగింపులో నడుస్తూ, కార్ల హారన్ల మధ్య వాయించే మనిషి, నిలుచున్న చోట, నిశ్శబ్దంలో ఏమి వాయించగలడో మనలో ఎవరికీ తెలియదు. బహుశా ఆయనకే తెలిసి ఉండకపోవచ్చును. పిమ్మట వారానికి రెండు సాయంకాలాలు, మన ఆవరణలోనే, వారిలో ఒకరిని శిక్షకునిగా నియమించి, తగిన పారితోషికమిచ్చి, ఆసక్తి గల విద్యార్థులకు నేర్పించవలెను. రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్టు, ఒక ట్రాంబోను, డోళ్లు. పాత వాద్యాలైనా చాలును. షామియానాకు, శాలువలకు మనం పెట్టే ఖర్చు కమిటీ సభ్యులకు మాకంటె బాగా తెలుసును.

ఈ మాట అనగానే వచ్చే అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. సంగీతం మన దీన్‌కు సరిపడదని తలచే పెద్దలు ఉన్నారు. ఆ విషయంలో ఉలమాల మధ్య శతాబ్దాలుగా అభిప్రాయభేదం ఉన్నది. దానిని తీర్చే విద్వత్తు మాకు లేదు, ఆ సాహసమూ చేయము. ఎవరినీ బలవంతపెట్టమని కూడా మేము కోరడంలేదు. కాని దర్గాలలో ఖవ్వాలీ వినే సమాజం మనది, మౌలానాను కన్న తెలుగునేల మనది. నేర్చుకొనగోరిన పిల్లవానికి తలుపు తీసి ఉంచడం వలన, వద్దనుకొన్న పిల్లవాని విశ్వాసానికి లోపం రాదు.

అంతకంటె గట్టిది మరొక అభ్యంతరం. డిగ్రీ చదివించి బ్యాండువారిని చేస్తామా, అని. చేయము. ఆల్ఫా సన్యాసినులు అచ్చు పనీ నేర్పినారు, కుట్టు పనీ నేర్పినారు. బ్యాండులో ఉన్న ప్రతి పిల్లవాడూ రికో కాలేదు. వారిలో కొందరు సైనిక బ్యాండులలో జీతగాండ్రు అయినారు, చాలామంది మామూలు మనుషులుగా బ్రతికినారు. మన దేశంలోను సైన్యంలో, పోలీసు శాఖలో బ్యాండులు ఉన్నాయి, వాటిలో ఉద్యోగాలు ఉన్నాయి. ఆ సంగతి మన విద్యార్థులకు ఎవరూ చెప్పరు. అసలు ఇత్తడి వాద్యాలు మన దేశానికి వచ్చినదే సైనిక పటాలాలతో. విజయనగరంలో కంటోన్మెంటు అనే పేట పేరు నేటికీ నిలిచి ఉన్నది.

డి.జె. పెట్టెలు వచ్చిన తరువాత బ్యాండుకు కాలం చెల్లినదని కొందరు అంటారు. ఇది ఆలోచించవలసిన మాట. విమానాశ్రయం పుణ్యమా అని పేరు పత్రికలకెక్కిన మన ఊరిలో కల్యాణ మండపాలు పెరిగినాయి కాని, మేళాలు పెరగలేదు. ఒక వ్యానులో నాలుగు పెట్టెలు పేర్చితే పదునాలుగు మంది కూలి మిగులుతుంది. అయితే కింగ్‌స్టన్‌లోను అచ్చంగా ఇదే జరిగినది. 1950లలో అక్కడి వీధులలో సౌండ్ సిస్టమ్ అని పిలిచే పెద్ద పెట్టెలు వచ్చి నృత్యశాలల మేళాలకు పని లేకుండా చేసినాయి. కొన్నాళ్లకు ఆ పెట్టెల యజమానులకే క్రొత్త పాటల కరవు వచ్చినది. విదేశీ రికార్డులు చాలలేదు. సొంతంగా రికార్డు చేయించుకోవలసి వచ్చినప్పుడు వారు వెదకినది ఊదగలవారిని, అంటే ఆల్ఫా పిల్లలను. పెట్టె ఎంత పెద్దదైనా దానిలో వేయడానికి పాట కావలెను, పాటకు ఒక ఊపిరి కావలెను. మన వద్ద అలాగే జరుగుతుందని మేము హామీ ఇవ్వలేము. అక్కడ కూడా ఆ యజమానులు పాటకు ఇంతని చేతిలో పెట్టి పంపివేసినారే కాని, అమ్మకాలలో వాటా ఇవ్వలేదు. రికో ఫ్యాక్టరీకి వెళ్లవలసి రావడానికి అదీ ఒక కారణం. మన పిల్లలకు ఊదడం నేర్పితే, ఒప్పంద పత్రం చదవడం కూడా నేర్పవలెను. వాణిజ్య శాఖవారు ఆ బాధ్యత తీసుకొనవచ్చును.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేము. గడచిన సంవత్సరం ఒక పెండ్లిలో, ఎవరిదన్నది అప్రస్తుతం, భోజనాలు అయిపోయినాయని మేళంవారికి పొట్లాలు కట్టి ఇచ్చినారు. వారు రోడ్డు ప్రక్కన, వాద్యాలు ఒడిలో పెట్టుకొని తిన్నారు. మేము లోపల కుర్చీలలో కూర్చొని తిన్నాము. అప్పుడు మాకు ఏమీ అనిపించలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చొన్నప్పుడే అది జ్ఞాపకం వచ్చినది. మేము ఇతరులకు చెప్పబోయే మాటలలో మా వంతు ఎంతో పాఠకులకు తెలియడం మంచిదని దీనిని ఇక్కడ వ్రాస్తున్నాము.

అచ్చుకు పంపే ముందు ఈ వ్యాసాన్ని ఆ విద్యార్థికి చూపించినాము. నిలుచునే చదివినాడు. చదువుతున్నంత సేపూ తల ఎత్తలేదు. తండ్రి సంగతి ఉన్న మొదటి పుటను రెండు మార్లు చదివి, "ఒక చోట దిద్దాలి మేష్టారూ," అన్నాడు. ఏమి దిద్దమంటాడోనని మేము కొంత జంకినాము.

"మా నాన్న ముందు వరుసలో నడుస్తున్నాడని రాశారు. ఆయన పెద్దవాడని ముందు పెట్టారనుకుంటారు చదివినవాళ్లు. అది కాదండీ. ట్రాంబోనుని వెనక వరుసలో పెడితే, గొట్టం ముందుకి తోసినప్పుడు ముందున్నవాడి వీపుకి తగులుతుంది. అందుకని ఏ బ్యాండులోనైనా ముందే పెడతారు. మిలిటరీ బ్యాండులో కూడా అంతేనండీ."

ఇంతకు మునుపు ఆ పిల్లవాడు మాతో ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎరుగడు. చేయి చాచి, మూడవ స్థానం ఎక్కడ ఉంటుందో, ఆరవ స్థానం అందుకోవడానికి పొట్టివారు ఎలా వంగవలసి వస్తుందో గాలిలో చూపించినాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తానూ ఊదుతాడట.